మా లడ్డూ దవడ ఆపరేషన్: యూసీ డేవిస్ వెటర్నరీ హాస్పిటల్ మీద నా రివ్యూ

కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల తెలుగువాళ్ళలో కుక్కల్ని పెంచుకునేవాళ్ళు చాలామంది మా కిరాణా షాపుకి వస్తుంటారు. మా కుక్క లడ్డూకి నోట్లో గడ్డ వచ్చి దవడ ఆపరేషన్ అయిందని తెలిసినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "దవడ కోసేస్తే మరి ఎలా తింటుందండీ?" కౌంటర్ దగ్గర బిల్లు వేస్తూ రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు ఇది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మేం చేయించింది యూసీ డేవిస్ యూనివర్సిటీ వెటర్నరీ టీచింగ్ హాస్పిటల్‌లో, డెంటిస్ట్రీ అండ్ ఓరల్ సర్జరీ విభాగంలో. 5కి 5 ఇస్తున్నాను. ఎముక పోయిన చోట మళ్ళీ ఎముక పెంచారు కాబట్టి ఇన్ని మార్కులు వేశానని అనుకుంటారేమో. అది గొప్ప పనే, కాదనను. కానీ నేను మార్కులు వేసింది ఇంకోదానికి. "ముందు గడ్డ మొత్తం పోవాలి. దవడ నిలబెట్టడం ఆ తర్వాతి మాట" అని మొదటిసారి కలిసినప్పుడే సర్జన్ చెప్పారు. చివరిదాకా ఆ వరుస మార్చలేదు. మాకు ఆశ పెట్టి పెద్ద ఆపరేషన్ అమ్మాలని చూడలేదు.

లడ్డూ గోల్డెన్ రిట్రీవర్. ఎనిమిదేళ్ళ వాడు, 32 కిలోలు. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయాక ఇంట్లో మా ఆవిడ వెనకాలే తిరుగుతుంటాడు. కింది దవడ కుడివైపు, కోరపన్నుకీ వెనక పెద్ద పన్నుకీ మధ్య చిగురు మీద చింతగింజంత గడ్డ కనిపించింది. చిగురు రంగే. నొప్పి ఉన్నట్టు లేదు, తిండి మానలేదు. ఇంటికి దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే పళ్ళు శుభ్రం చేసేటప్పుడు దాన్ని గీకి తీసేశారు. ముక్క ల్యాబ్‌కి పంపలేదు, ఎక్స్‌రే తీయలేదు. "చిగురు పెరిగిందంతే, ఈ జాతిలో మామూలే" అని పంపేశారు. కొన్ని నెలలకి అదే చోట ఇంకా వెడల్పుగా వచ్చింది. పక్కనున్న పన్ను కదలడం మొదలైంది. ఆ క్లినిక్ పేరు రాయను. కోపం మాత్రం ఇంకా పోలేదు. నోట్లోంచి ఏ గడ్డ తీసినా ముక్క ల్యాబ్‌కి వెళ్ళాల్సిందే. ఇది మంచి గడ్డ, ఇది చెడ్డ గడ్డ అని కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఎందుకు కాదో డేవిస్‌లోనే అర్థమైంది. కుక్కల నోట్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేవి మెలనోమా, స్క్వామస్ సెల్ కార్సినోమా, ఫైబ్రోసార్కోమా. మెలనోమా అంటే నల్లగానే ఉంటుందని అనుకుంటాం, కానీ రంగు లేకుండా గులాబీగా కూడా వస్తుంది. గోల్డెన్ రిట్రీవర్లలో పై దవడకి ఒక రకం ఫైబ్రోసార్కోమా వస్తుందట. మైక్రోస్కోప్ కింద చూస్తే నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది, ఎముకలోకి మాత్రం దారుణంగా పాకుతుంది. ఈ మాటలు విన్న రోజు రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మేముండే రోజ్‌విల్ నుంచి డేవిస్‌కి ఐ-80 మీద పోవాలి. పొద్దున్నే యోలో కాజ్‌వే మీద ట్రాఫిక్ ఉంటుంది, చేతిలో సమయం పెట్టుకుని బయల్దేరండి. ఇది టీచింగ్ హాస్పిటల్ అని ముందే మనసులో పెట్టుకోవాలి. మొదట వెటర్నరీ స్టూడెంట్ వచ్చి అన్నీ అడిగి రాసుకుంటారు. తర్వాత రెసిడెంట్ డాక్టర్, ఆ తర్వాత ఫ్యాకల్టీ సర్జన్. అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. నాకది విసుగు అనిపించలేదు. రెండోసారి చెప్పేటప్పుడు, పాత క్లినిక్‌లో గీకించిన సంగతి ఏ నెలలో జరిగిందో మా ఆవిడ సరిగ్గా గుర్తుచేసుకుని చెప్పింది. గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో లెక్క వేయడానికి వాళ్ళకి అదే పనికొచ్చింది. రోజంతా పడుతుంది, షాపు ఇంకొకళ్ళకి అప్పజెప్పి వెళ్ళండి.

దవడ కింద రెండు వైపులా లింఫు గ్రంథులు తడిమి చూశారు. చేతికి మామూలుగా తగిలినా సన్నటి సూదితో కణాలు తీశారు, ఎందుకంటే సైజు మామూలుగా ఉన్న గ్రంథిలో కూడా మెలనోమా దాగి ఉండొచ్చు. తర్వాత మత్తు ఇచ్చి తలకీ ఛాతీకీ సీటీ స్కాన్, అదే మత్తులో బయాప్సీ, అంటే పరీక్షకి గడ్డలోంచి చిన్న ముక్క తీయడం. బయాప్సీ గురించి సర్జన్ చెప్పిన ఒక సంగతి కుక్కలున్నవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాలి. ముక్క నోటి లోపలి నుంచే తీయాలి, పెదవి చర్మం మీద కోసి తీయకూడదు. అలా బయటి నుంచి తీస్తే గడ్డ కణాలు ఆ దారిలో అంటుకోవచ్చు. అప్పుడు అసలు ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసెయ్యాలి.

రిపోర్టు వచ్చింది: అకాంథోమేటస్ అమీలోబ్లాస్టోమా. పంటిని తయారుచేసే కణజాలం నుంచి పుట్టే గడ్డ, గోల్డెన్ రిట్రీవర్లలో తరచు వచ్చేదే. ఊపిరితిత్తులకో గ్రంథులకో పాకదు, కాబట్టి క్యాన్సర్ లెక్కలో వేయరు. కానీ దవడ ఎముకలోకి చొచ్చుకుపోయి దాన్ని తినేస్తుంది. పైపైన గీకితే తిరిగొస్తుంది. అందుకని వైద్యం మాత్రం క్యాన్సర్‌కి చేసినట్టే చేయాలి: చుట్టూ కనీసం 1 సెంటీమీటరు మంచి ఎముకతో, చిగురుతో, పళ్ళతో సహా తీసెయ్యాలి. అలా తీస్తే మళ్ళీ రావడం చాలా అరుదు. రేడియేషన్ కూడా ఒక దారే అన్నారు. అయితే అదే చోట ఏళ్ళ తర్వాత నిజమైన క్యాన్సర్ పుట్టిన కేసులు ఉన్నాయని కూడా దాచకుండా చెప్పారు.

సీటీ స్కాన్ తెర మీద చూపించారు. బయట కనిపించే గడ్డ చిన్నది, లోపల ఎముకలో నల్లటి ఖాళీ దానికన్నా పెద్దది. నా కళ్ళతో నేను చూశాక ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఇక్కడ ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరికీ సందేహం ఇక్కడే. సర్జన్ మా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, దవడలో ఆ ముక్క తీసేసి, చిగురు కుట్టేసి వదిలెయ్యడం. రెండోది, తీసిన చోట కొత్త ఎముక పెంచడం. "మొదటిది చేసినా లడ్డూ తింటాడు, తాగుతాడు, బతుకుతాడు. కుక్కలు సగం కింది దవడ పోయినా చక్కగా సర్దుకుంటాయి" అని ఆయన స్పష్టంగా చెప్పారు. దానివల్ల వచ్చే ఇబ్బందులూ చెప్పారు. ఒకవైపు ఎముక తెగిపోతే మిగిలిన దవడ నెమ్మదిగా మధ్యకి జరుగుతుంది. అప్పుడు కింది కోరపన్ను సరైన చోట దిగక అంగిలిని పొడుస్తుంది. దానికి ఆ పన్ను పొట్టి చేయడమో, పీకడమో, ఎలాస్టిక్ కట్టి దారిలో పెట్టడమో చేస్తారు. చొంగ కొంచెం ఎక్కువ కారొచ్చు, నాలుక ఒక పక్కకి వేలాడొచ్చు.

రెండో దారిలో ఇవేవీ లేకుండా పళ్ళ వరుస ఎప్పటిలా ఉంటుంది. కానీ ఖర్చు ఎక్కువ, మత్తులో ఉండే సమయం ఎక్కువ. లోపల పెట్టిన ప్లేటు చిగురులోంచి బయటికి రావచ్చు, ఇన్ఫెక్షన్ పట్టొచ్చు, ఎముక కావలసినదానికన్నా ఎక్కువ పెరగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకోటి. ఎముకని పెంచే మందు పెరుగుదలని పురికొల్పే ప్రోటీన్ కాబట్టి, గడ్డ అంచులు శుభ్రంగా తీయగలం అన్న నమ్మకం ఉన్నచోటే వాడతారు. అంచుల మీద అనుమానం ఉంటే ముందు తీసి, ల్యాబ్ రిపోర్టు చూసుకుని, దవడ కట్టడం ఇంకో రోజుకి వాయిదా వేస్తారు. లడ్డూకి గడ్డ హద్దులు స్కాన్‌లో స్పష్టంగా ఉన్నాయి, పైగా వేరే చోటికి పాకే జాతి కాదు, కాబట్టి ఒకేసారి రెండూ చేయొచ్చన్నారు.

మా అత్తయ్యగారు అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. "ఎందుకు బాబూ, మూగజీవిని ఇంత హింస పెట్టడం? ఉన్నన్నాళ్ళు సుఖంగా తిననివ్వండి" అన్నారు. ఆవిడ మాటలో ప్రేమ ఉంది, నేను కొట్టిపారేయలేదు. ఈ ప్రశ్న సర్జన్‌నే అడిగాను. ఆపరేషన్ చేయకపోతే ఏం జరుగుతుందో ఆయన చెప్పారు: గడ్డ పెరుగుతూ పళ్ళని కదిలిస్తుంది, రక్తం కారుతుంది, ఇన్ఫెక్షన్ పడుతుంది, చివరికి బలహీనపడ్డ దవడ విరగొచ్చు. ఆ బాధ నెలల తరబడి ఉంటుంది. ఆపరేషన్ బాధ కొన్నాళ్ళే, అదీ మందులతో అదుపులో ఉండేది. అత్తయ్యగారికి తెలుగులో అదంతా చెప్పాను. "అయితే చేయించండి, నేను తినిపిస్తాను" అన్నారు.

ఆపరేషన్ ఎలా చేశారో వాళ్ళు చెప్పిన మేరకు రాస్తాను. సీటీ స్కాన్ లెక్కలతో లడ్డూ దవడ నమూనాని 3డీ ప్రింటర్‌లో అచ్చు తీశారు. దాన్ని నా చేతిలో పెట్టారు. పళ్ళతో సహా అచ్చం వాడి దవడే. టైటానియం ప్లేటుని ముందుగా ఆ నమూనాకి సరిపోయేలా వంచి పెట్టుకున్నారు. ఆపరేషన్‌లో దవడని ఇంకా కోయకముందే ప్లేటు బిగించి స్క్రూలకి రంధ్రాలు చేసుకుని, మళ్ళీ ప్లేటు విప్పేశారు. ఆ తర్వాత గడ్డ ఉన్న ముక్క కోసి తీశారు. మళ్ళీ అవే రంధ్రాల్లో ప్లేటు బిగించేసరికి ముందు భాగం, వెనక భాగం వెనకటి స్థానాల్లోనే నిలబడ్డాయి. పళ్ళు కలిసే తీరు మారకుండా ఉండేది ఈ జాగ్రత్త వల్లే. ఖాళీలో, ఎముకలో ఉండే ఖనిజం కలిసిన కొలాజెన్ స్పాంజిని కొలతకి కోసి, ఇందాక చెప్పిన ఎముక పెంచే మందులో, అంటే బీఎంపీ-2 అనే ప్రోటీన్‌లో నానబెట్టి పెట్టారు. దాని మీద కండ, చిగురు పొరలు పొరలుగా కుట్టారు. నొప్పికి మత్తుతో పాటు దవడ నరానికి మొద్దుబారే ఇంజెక్షన్ కూడా ఇచ్చారు, మనకి పన్ను పీకేటప్పుడు ఇచ్చేదే.

ఈ ప్రోటీన్ కథ నాకు చాలా నచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోనే, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో మార్షల్ ఉరిస్ట్ అనే ఎముకల డాక్టరు, ఖనిజం తీసేసిన ఎముక ముక్కని కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతోందని కనిపెట్టారు. ఆ పని చేయించే పదార్థానికే తర్వాత బీఎంపీ అని పేరొచ్చింది. మనుషుల వెన్నెముక ఆపరేషన్లలో వాడడానికి 2002లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2010 తర్వాతి తొలి ఏళ్ళలో డేవిస్‌లో ఫ్రాంక్ వెర్‌స్ట్రాటె, బోవాజ్ ఆర్జీ అనే సర్జన్లు ఇంజనీర్లతో కలిసి, దీన్ని కుక్కల దవడలకి వాడే పద్ధతిని తీర్చిదిద్దారు. మనుషుల కోసం కనిపెట్టింది కుక్కకి పనికొచ్చింది. కుక్కలో నేర్చుకున్నది మళ్ళీ మనుషుల దవడ వైద్యానికి దారి చూపిస్తుంది. మా స్టూడెంట్ డాక్టరమ్మ ఈ మాట చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ముఖంలో సంతోషం చూడాల్సిందే.

లడ్డూ హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్ళు రోజుకి ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసి ఎలా ఉన్నాడో చెప్పేవారు. మర్నాడే మెత్తటి తిండి తిన్నాడని చెప్తే మా ఆవిడ ఫోన్ పట్టుకుని ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక ముఖం కుడివైపు బాగా వాచింది. చూడడానికి భయమేసింది, కానీ ఈ ప్రోటీన్ వాడినప్పుడు మొదటి రోజుల్లో అలా వాయడం మామూలేనని డిశ్చార్జి కాగితాల్లో ముందే రాసిచ్చారు. రెండు వారాల చెకప్‌లో డాక్టరు నా వేలు పట్టుకుని ఆ చోట తడిమించారు. లోపల గట్టిగా తగిలింది. కొత్త ఎముక మొదలైందన్నారు. నెలల తర్వాత సీటీలో ఆ ఖాళీ పూడిన సంగతి చూశాం. అక్కడ పళ్ళు మాత్రం మళ్ళీ రావు, ఆ ముక్క బోడిగానే ఉంటుంది. దానివల్ల లడ్డూకి లోటేమీ లేదు.

తిండి విషయం. క్యాన్లలో వచ్చే మెత్తటి ఆహారాన్ని చిన్న ఉండలు చేసి పెట్టమన్నారు. ఈ పని అత్తయ్యగారు తీసుకున్నారు. కింద పీట వేసుకుని కూర్చుని, ఎడమవైపు నుంచి ఒక్కొక్క ఉండా నోట్లో పెట్టేవారు. పెరుగన్నం పెట్టొచ్చా అని ఆవిడ అడిగితే డాక్టరుని అడిగి కొంచెం ఒప్పించాం. ఉల్లిపాయ వేసిన చారు, సాంబారు మాత్రం అస్సలు వద్దు, ఉల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ఇంట్లో మనం వేసుకునే ఐబుప్రొఫెన్ కూడా కుక్కకి విషమే, వాళ్ళిచ్చిన నొప్పి మందే వేయండి. మెడకి ప్లాస్టిక్ కోన్ వారాల తరబడి ఉంచాలి. కర్రలు, ఎముకలు, బంతులు, తాడు లాగే ఆటలు డాక్టరు సరే అనేదాకా బంద్. నాకు కష్టమనిపించింది తినిపించడం కాదు, ఆడుకుందాం రమ్మని బంతి వైపు చూస్తున్నవాడిని ఆపడం.

తీసిన ముక్క ల్యాబ్ రిపోర్టులో అంచులన్నీ శుభ్రం అని వచ్చింది. నాకు ఈ మొత్తం వైద్యంలో అన్నిటికన్నా విలువైన కాగితం అదే. కొత్త ఎముక ఎంత బాగా పెరిగినా, ఈ ఒక్క వాక్యం లేకపోతే అదంతా వృథా అయ్యేది.

డబ్బు సంగతి. స్కాన్, బయాప్సీ, ఆపరేషన్, చెకప్పులు అన్నీ కలిపితే డాలర్లలో ఐదంకెల బిల్లు అయింది. మొదలుపెట్టే ముందే తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని ఎస్టిమేట్ రాసిచ్చారు. అడ్వాన్సు కట్టాలి. చివరి బిల్లు ఆ రెండిటి మధ్యలోనే వచ్చింది. మాకు పెట్ ఇన్సూరెన్స్ ఉంది, చాలా భాగం తిరిగొచ్చింది. కుక్కపిల్లని తెచ్చుకున్న నెలలోనే ఇన్సూరెన్స్ తీసుకోండి. గడ్డ కనిపించాక తీసుకుంటే పాత జబ్బు అని ఒప్పుకోరు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు దవడ కట్టించలేకపోతున్నామని బాధపడక్కర్లేదు. గడ్డని అంచులతో సహా తీయించగలిగితే కుక్కకి చేయాల్సింది చేసినట్టే.

మెలనోమా వచ్చినవాళ్ళు నా అనుభవాన్ని వాళ్ళకి అన్వయించుకోవద్దు. అది తొందరగా గ్రంథులకీ ఊపిరితిత్తులకీ పాకుతుంది. 2 సెంటీమీటర్ల లోపు ఉండగా పట్టుకున్నవాళ్ళకి ఎక్కువ కాలం కలిసొస్తుంది. దానికి కోత ఒక్కటే చాలదు. 2010లో ఇక్కడ పూర్తి లైసెన్సు వచ్చిన వ్యాక్సిన్ ఒకటి ఉంది, దాని గురించి క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాలి. విజయవాడలో మా అన్నయ్య వాళ్ళ ల్యాబ్రడార్‌కి నోట్లో నల్లమచ్చ కనిపించిందని ఫోన్ చేసినప్పుడు ఇదే చెప్పాను. గన్నవరం వెటర్నరీ కాలేజీ వాళ్ళకి దగ్గరే. హైదరాబాద్ వాళ్ళకి రాజేంద్రనగర్, సీమ వాళ్ళకి తిరుపతి, దగ్గరైతే మద్రాసు వెటర్నరీ కాలేజీ. వారం రోజులు చూద్దాం అనుకోకుండా బయాప్సీ చేయించమన్నాను.

డేవిస్‌కి వెళ్ళేవాళ్ళకి: మీ మామూలు వెట్ దగ్గర రిఫరల్ తీసుకుని, పాత రికార్డులు, ఎక్స్‌రేలు ముందే పంపించండి. గడ్డ ఫొటోలు పక్కన స్కేలు పెట్టి, తారీఖుతో తీసి ఉంచుకోండి. రాత్రి నుంచి తిండి ఎప్పుడు ఆపాలో ఫోన్‌లో అడగండి. రిపోర్టు అర్థం కాకపోతే పట్టుకుని మా షాపుకి రండి. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా రద్దీ ఉండదు, కూర్చుని చదువుదాం.